షుగర్ తగ్గిందన్న మాట

చండ్రుగొండలో ఖమ్మం బస్సెక్కిన ఒక పెద్దామె నా పక్కన కూర్చుంది. కాసేపటికే చెమటలు పట్టి, వణికే చేతులతో బెల్లం ముక్క నోట్లో వేసుకుంది.

"షుగర్ తగ్గింది బిడ్డా."

"మంచిదే కదా పెద్దమ్మా," అన్నాను.

"అందరూ గిట్లనే అంటరు. నాకు షుగర్ బీమారే లేదు. ఉత్తగనే పడిపోతున్న."

పరీక్ష కోసం వెళ్తోందట. ఖమ్మం దవాఖానాలో ఆమెను ఉపవాసం ఉంచి, షుగర్ పడిపోయాక దాన్ని పెంచే సూదిమందు ఇస్తారట. దానికి షుగర్ ఎంత పెరుగుతుందో చూసి కారణం వెతుకుతారట.

"బెల్లంతో సర్దుకుంటోంది కదా, ఇంత కష్టమెందుకు?" కాలేజీ డిబేట్ పోటీల్లో వాదించిన అలవాటుతో అడిగాను.

"బెల్లం లేపుతది. ఎందుకు పడ్డనో చెప్తదా?"

దవాఖానా ముందు దిగుతూ బెల్లం పొట్లం నా చేతిలో పెట్టింది. "దగ్గరుంటే తింట, పరీక్ష చెడతది. లోపల నర్సమ్మ చూసుకుంటదిలే."

ఇప్పుడెవరైనా షుగర్ తగ్గిందంటే, మంచిదే అనే ముందు ఎందుకు తగ్గిందని అడుగుతున్నాను.