గాటు పెట్టని బిళ్ళ

మొన్న ఆదివారం పొద్దుగాల ఎల్లారెడ్డి నుంచి ఫోనొచ్చింది. అవుసలి తాత పోయిండట. అక్కడ మా పక్కింటాయన, నలభై ఏండ్లు వెండిబంగారం పని చేసిన మనిషి. కామారెడ్డిల దుకాణం అప్పుడే తీసిన, మళ్ల మూసి బస్సెక్కిన. దారి పొడుగూత ఒక్కటే గుబులు. ఆయనకు చెప్పాల్సిన మాట ఇగ ఎన్నడు చెప్పలేను.

రెండువేల పదిల కామారెడ్డి బస్టాండు కాడ నెట్ సెంటర్ పెట్టిన. హాల్ టికెట్లు తీసుకుంట కూసున్నోనికి పాత నాణేల పిచ్చి ఎందుకు పట్టిందో ఏమో! గ్రీకు దేశపు వెండి బిళ్ళ, ఒక దిక్కు దేవత ముఖం, ఇంకో దిక్కు గుడ్లగూబ. వేల ఏండ్ల కిందటిదని రాసుంటే నమ్మి, ఇంట్ల చెప్పకుంట ఆన్‌లైన్ల తెప్పించిన. మురుసుకుంట తాతకు చూపించిన.

"గ్రీకు అంటే ఏ దిక్కు బిడ్డా, బొంబాయి అవతలనా?" అన్నడు. బొటనేలి గోరు అంచు మీద మెల్లగ తిప్పిండు. భూతద్దం పెట్టి చూసిండు. "ఇది దొంగది. పాతయి సుత్తెతోని కొట్టి చేస్తరు, ఇది అచ్చుల పోసింది. అంచు మీద అతుకు ఉండె, ఆకురాయితోని రాకిండ్రు. మీద సూడు, దోశె మీద లెక్క సన్న బొక్కలు."

నాకు కోపమొచ్చింది. "నువ్వు చూసినయన్ని మెట్టెలు, పట్టగొలుసులు. నీకేం తెలుస్తది తాతా?"

ఆయన మరుసటి వారం బస్సెక్కి నా దుకాణానికే వచ్చిండు. "గా కంప్యూటర్ డబ్బాల ఇసొంటిది ఇంకెవరన్న అమ్ముతున్నరా, సూపియ్యి" అన్నడు. ముగ్గురు అమ్మెటోళ్ళు దొరికిండ్రు. మూడు గుడ్లగూబలకు ఎడమ కన్ను కింద ఒకటే సొట్ట, నా దానికి ఉన్నట్టే. "నలుగురికి ఒక్క కాడనే పుట్టుమచ్చ ఉంటదారా?" అని నవ్విండు.

దొంగదని తెల్సినంక ఉలితోని గాటు పెట్టుడు ఆయన పద్ధతి. "లేకుంటే అది ఇంకొకని ఇల్లు సూస్తది" అంటుండె. జేబుల నుంచి ఉలి తీసిండు. నేను బిళ్ళను గుప్పిట్ల పట్టుకున్న. "నేనే పెడ్త తాతా, ఇంటికాడ."

పెట్టలె. నేను మోసపోయిన మాటలే మళ్ల రాసి నెట్ల అమ్మిన. ఎవరో రిటైర్డ్ పంతులు కొన్నడు. అందినంక జవాబు రాసిండు: చిన్నప్పటి కోరిక తీరింది, మీకు రుణపడి ఉంటనని.

"గాటు పెట్టినవా?" అని తాత ఒక్కసారే అడిగిండు. "పెట్టిన" అన్న. మళ్ల అడగలె. అడిగినా బాగుండు! పైంగ ఎల్లారెడ్డంత చెప్పుకున్నడు, "మావోడు దొంగ బిళ్ళను ఇట్టే పడ్తడు" అని. నేను పోయినప్పుడల్ల పక్కన కూసోవెట్టుకొని అంచులు, బరువు, మోగే తీరు నేర్పిండు. రెండుసార్లు నిజం చెప్దామనే పోయిన. చాయ తాగి వచ్చిన.

ఇప్పటికి కంప్యూటర్ల గుడ్లగూబ కనవడితే చెయ్యి ఆగిపోతది. ఆ పంతులు దాన్ని ఎవరికి చూపించుకుంటున్నడో, ఎవరన్న ఆయన ముందట్నే నవ్విండ్రో. ఆ గుడ్లగూబ కండ్లు నన్నే చూస్తున్నట్టుంటది.

నేను పోయేసరికి తాతను వాకిట్ల పండవెట్టిండ్రు. పోయినోళ్ళ నొసటి మీద పెట్టే వెండి బిళ్ళ తాత భార్య, అవ్వ చేతుల ఉంది. పెట్టబోయి ఆగింది. నన్ను పిలిచింది.

"నా నొసటి మీద దొంగది పెట్టి పంపకుండ్రి అని నవ్వుకుంట అంటుండె బిడ్డా. నువ్వు సూడు. నీ మాట మీద ఆయనకు మస్తు నమ్మకం."

అందరు నా దిక్కు చూసిండ్రు. అంచు మీద గోరు పెట్టిన. కండ్లల్ల నీళ్ళకు ఏం కానరాలె.

"మంచిదే అవ్వా" అన్న.

అవ్వ ఇంకో మాట అడగలె. బిళ్ళను కొంగుతోని తుడిచి, తాత నొసటి మీద పెట్టింది.