యజమాని స్నేహితుడు

సౌదీలోని జుబైల్‌లో జరిగిన మా శుక్రవారం ప్రార్థన కూటం గురించి మనవాళ్లు జ్ఞాపకాల సంచిక వేశారు. వంటలు చేసినవాళ్లు ఉన్నారందులో. గిటారు వాయించినవాడున్నాడు. రెండు వారాలు వచ్చి మానేసినవాడి ఫొటో కూడా ఉంది. నన్ను మాత్రం ఒక్క ముక్క రాయమని అడిగినవాడు లేడు. హుఫూఫ్ తోట సంగతికి అర పేజీ ఇచ్చి, దేవుడు ద్వారం తెరిచాడని ముగించారు. తెరిచాడు, కాదనను. ఆ ద్వారం దాకా బండి నడిపింది నేను. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

కువైట్ యుద్ధం నాటికి నేను జుబైల్‌లో ఒక ఫ్యాక్టరీ స్టోర్‌లో గుమస్తాని. కూటం ఒక ఫ్లాట్‌లో జరిగేది. అక్కడ మన ప్రార్థనలకు అనుమతి లేదు కాబట్టి కర్టెన్లు వేసుకుని, పాట గొంతు దాటకుండా పాడుకునేవాళ్లం. వాక్యం చెప్పే పెద్దాయన ఓ కంపెనీలో కాంట్రాక్టులు చూసేవారు. అంతకుముందు మన దగ్గర లా కాలేజీలో రోమన్ చట్టం పాఠం చెప్పారు. ఆయన మీద నాకొక ఫిర్యాదు ఉంది. కానీ అంత బాగా చెప్పేవాణ్ణి తర్వాత నేను వినలేదన్నది కూడా నిజం.

మొదటి సంఘాలు ఇళ్లలో పుట్టాయి, ఆనాటి ఇల్లంటే ఏమిటో తెలియకపోతే సంఘం అర్థం కాదు అనేవారాయన. రోమన్ ఇంట్లో తండ్రి బతికుండగా పెళ్లయిన కొడుకు కూడా ఆయన చేతి కిందివాడే. దాసులు ఆస్తిలో లెక్క. తెల్లారగానే పెద్దమనిషి వాకిట్లో ఆశ్రితులు వచ్చి నిలబడాలి. విడుదల పొందిన దాసుడు నెత్తిన ఉన్ని టోపీ పెట్టుకుని పౌరుడై బయటికొచ్చేవాడు. అయినా పాత యజమాని ఎదురైతే ఒదిగి ఉండాల్సిందే. అలాంటి లోకంలో యజమానీ దాసుడూ ఒకే బల్ల దగ్గర రొట్టె విరుచుకున్నారు. అదెంత పెద్ద మాటో మాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మా పాస్‌పోర్టులు మా కఫీళ్ల, అంటే మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమానుల, బీరువాల్లో ఉండేవి. కఫీల్ సంతకం లేకుండా పని మారలేం, ఇంటికి పోలేం.

యుద్ధం మొదలైన చలికాలంలో ఓ శుక్రవారం నిజామాబాద్ వైపు మనిషి ఒకడు మా తలుపు తట్టాడు. అతను హిందువు. తెలుగువాళ్లు కూడే చోటని ఎవరో చెబితే వచ్చాడు. హుఫూఫ్ దగ్గర ఖర్జూరం తోటలో పని. కఫీల్ కుటుంబంతో దేశం అవతలి కొసన ఉన్న తాయిఫ్ వెళ్లిపోతే తోటలో ఒక్కడే మిగిలాడు. సైరన్ మోగి, ఆకాశంలో పెద్ద శబ్దం అయ్యేసరికి గొర్రెల దొడ్డి తెరిచిపెట్టి రోడ్డు మీదికి పరుగెత్తి, దొరికిన ట్రక్కు ఎక్కేశాడు. ఇప్పుడు కఫీల్ తిరిగొచ్చాడు. గొర్రెలు సగం లేవు. పారిపోయాడని పోలీసులకు రాసిస్తానంటున్నాడు. రాసిస్తే జైలు, ఆ పైన దేశం నుంచి పంపించేయడం, మళ్లీ రాకుండా ముద్ర.

"మనకెందుకండీ ఈ గోల? పోలీసులొస్తే కూటమే పోతుంది" అన్నాడు ఒక ఆపరేటర్.

"నా రూములో పెట్టుకుంటాను" అన్నాను.

"నీ రూములో నువ్వే పట్టవు బ్రదర్" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

పెద్దాయన నవ్వలేదు. బైబిల్లో, జైల్లోంచి అపొస్తలుడు రాసిన చిన్న ఉత్తరం తీశారు. యజమాని దగ్గర్నుంచి వచ్చేసిన దాసుణ్ణి ఆ యజమాని దగ్గరికే తిప్పి పంపుతూ రాసినది.

"పారిపోయిన దాసుణ్ణి దాచినవాణ్ణి రోమన్ చట్టం దొంగలా చూసేది" అన్నారు. "కానీ అక్కడి న్యాయకోవిదులు ఒక తేడా పట్టారు. యజమాని స్నేహితుడి దగ్గరికెళ్లి, నా తరఫున ఒక మాట చెప్పండయ్యా అని అడిగినవాడు పారిపోయినవాడి కింద రాడు. కాళ్లు ఎటు పోయాయని కాదు, మనసులో ఏముందని చూడాలన్నారు." అతని వైపు తిరిగి, "నువ్వు పారిపోదామనే వచ్చావా?" అని అడిగారు.

"లే సారూ. భయమై ఉరికిన, గంతే. మల్ల పోదామంటే మొకం చెల్లుతలేదు."

"అయితే మనకు కావలసింది నీ కఫీల్‌కు ఒక స్నేహితుడు."

దాసుణ్ణి వస్తువులా లెక్కగట్టిన చట్టమే, వాడు తప్పు చేసి వణుకుతున్నప్పుడు వాడి మనసులోకి తొంగి చూసింది. అంత పాత మాట మా ఫ్లాట్‌లో ఒక మనిషికి దారి చూపిస్తోంది.

మా స్టోర్ పైఅధికారి, ఒక సౌదీ ముసలాయన, హుఫూఫ్ మనిషి, ఆయన్ని అడుగుతానన్నాను. "హుఫూఫ్‌లో ఉన్నోళ్లంతా ఫ్రెండ్సేనా బ్రదర్?" అని మళ్లీ ఆ ఆపరేటరే. పొద్దున్నే వెళ్లి అడిగాను. కఫీల్ పేరు వినగానే ముసలాయన ఫక్కున నవ్వాడు. "ఇద్దరం ఒకే ఊటలో ఈత నేర్చుకున్నాం. వాడు ఇంకా నేర్చుకోలేదు" అన్నాడు. సంచికలో ఈ ముక్క లేదు.

స్టోర్ పికప్‌లో ముసలాయన్నీ పెద్దాయన్నీ అతణ్ణీ ఎక్కించుకుని వెళ్లాను. కఫీల్ ఇంటి మజ్లిస్‌లో, అతిథులు కూర్చునే గదిలో, నాకు చెప్పుల పక్కన చోటిచ్చారు. అక్కణ్నించి అన్నీ బాగానే కనిపించాయి. కఫీల్ అతని వైపు చూడనైనా లేదు. గిన్నెల్లో గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోశాడు. ముసలాయన గిన్నె అందుకుని, పెదవికి తగలనివ్వకుండా ముందు పెట్టుకున్నాడు. అక్కడ అంతే. పని మీద వచ్చిన అతిథి, మాట దక్కేదాకా గహ్వా ముట్టడు. ముట్టించలేకపోతే ఆ ఇంటికి తలవంపు.

"తాగు" అన్నాడు కఫీల్.

"నీతో పనుంది."

"నా గొర్రెలు పోయాయి. వీడు పారిపోయాడు."

"సైరన్ మోగితే వీడు జుబైల్ పోయాడు. నువ్వు తాయిఫ్ పోయావు. ఎక్కువ దూరం పారిపోయింది ఎవరు?"

కఫీల్ గడ్డం నిమురుకున్నాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. "ఏం కావాలో చెప్పు."

ముసలాయన పెద్దాయన వైపు చూశాడు. "పోలీసులకు రాయొద్దు, తిరిగి పనిలోకి తీసుకోండి" అన్నారు పెద్దాయన. "అయిపోయింది, నీ గహ్వా తాగు" అన్నాడు కఫీల్, ముసలాయనతో. నా జీవితంలో ఎన్నో ఆఫీసుల్లో కూర్చున్నాను. అంత మర్యాదగా, అంత తక్కువ మాటల్లో న్యాయం జరగడం మరెక్కడా చూడలేదు. కఫీల్ కూడా మాట తప్పలేదు.

యుద్ధం అయిపోయాక చాలా కాలానికి హుఫూఫ్ బజారులో అతను కనబడ్డాడు. ఒళ్లు చేశాడు.

"మంచిగనే చూస్తున్నడన్నా. కసిరి ఎరుగడు. ఇంటికాడ బిడ్డ పుట్టింది, ఇంకా చూడలే. ఇంటికి పోనీకి ఎగ్జిట్ కాయిదం అడిగితే, నువ్వు పోతే తోటెవలు చూస్తరంటడు."

"గట్టిగా అడక్కపోయావా?"

"నేనడిగితే ఏమస్తది? ఆనాడు పెద్దసారు అడిగితే ఇచ్చేటోడు. గహ్వా ముంగట పెట్టుకున్నంక ఏదడిగినా ఇయ్యాలె గదన్నా."

ఆ వారమే కూటంలో లేచి పెద్దాయన్ని ఈ మాటే అడిగాను. "తర్వాత మాట్లాడదాం" అన్నారు. తర్వాత రిటైరయ్యారు. గుంటూరు అడ్రసుకు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ బదులు రాలేదు. అపొస్తలుడి ఉత్తరంలో కూడా విడుదల అన్న మాట సూటిగా లేదని నాకు తెలుసు. అపొస్తలుడు సంకెళ్లలో ఉండి రాశాడు. పెద్దాయన మజ్లిస్‌లో పరుపు మీద కూర్చున్నారు, ఏం కావాలని ఇంటాయనే అడిగాడు.

అయ్యా, సంచికలో మీ ముందుమాట చదివాను, చూపు బాగానే ఉన్నట్టుంది, ఇది మీకు చేరుతుంది. ఉన్ని టోపీ గురించి మాకు చెప్పింది మీరే. ఆ రోజు మన్నింపు అడిగి, విడుదల ఎందుకు అడగలేదు? అడిగితే మన్నింపు కూడా పోతుందని భయపడ్డారా, లేక మీకు తోచనే లేదా? ఏదైనా సరే ఒప్పుకుంటాను. జవాబు మాత్రం చెప్పండి.