నా చేత్తో రాసిన ‘నేడు’

మొన్న మా అక్కచెల్లెళ్ల పిల్లలంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక వీడియో పెట్టారు. సైనికులు బారులు తీరి నడిచిపోతున్నారు, కింద ‘ఇప్పుడే సరిహద్దు నుంచి’ అని రాసి ఉంది, దాని కింద అందరివీ దండాలే దండాలు. ఇది ఎప్పుడు తీసిందిరా అని నేనొక ముక్క అడిగితే, పెద్దమ్మకు దేశభక్తి తక్కువని ఒకడు వెక్కిరించాడు. ఒళ్లు మండింది. కానీ ఆ మంట వాడి మీద కాదు, అది యాభై ఏళ్ల కిందటిది.

బంగ్లాదేశ్ యుద్ధం జరిగిన ఆ డిసెంబరులో నేను చిత్తూరులో, ప్రచారం పనులు చూసే ఒక చిన్న ప్రభుత్వ ఆఫీసులో తాత్కాలిక ఉద్యోగిని. నాయన మంచాన పడడంతో ఇల్లు నా జీతం మీదే నడిచేది. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని, బస్టాండులోని అద్దాల బోర్డులో పెట్టే యుద్ధం ఫోటోల కింద తెలుగులో రాసే పని నాకిచ్చారు. ఆ ఫోటోలు ఢిల్లీ నుంచి కట్టలుగా, తీసిన ఎన్నాళ్లకో వచ్చేవి, అయినా ఫోటో కింద పెట్టే ప్రతి అట్ట మీదా మొదటి మాట ‘నేడు’ అని ఉండాల్సిందే. పాచిపోయిన సంగతి చూడ్డానికి ఎవరాగుతారని మా ఆఫీసరు వాదన. నేనూ మారు మాట్లాడకుండా ఎర్ర రంగులో, కుంచెతో, లావుపాటి అక్షరాలతో రాసేదాన్ని.

ఆ కట్టల్లో ఒక ఫోటో నాకిప్పటికీ కళ్ల ముందుంది. భుజాన తుపాకులతో జవాన్లు పొలాల మధ్య బాట మీద వస్తుంటే, రెండో వరసలో ఒక కుర్రాడు పక్కకు తిరిగి పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. డిసెంబరు చలిలో యుద్ధమైతే అందరి చొక్కాలూ చెమటకు తడిసి ఉండడమేమిటని నాకు అనుమానం రాకపోలేదు. వెనక్కి తిప్పి చూస్తే, వేసవిలో, శిక్షణ సమయంలో తీసినదని ఇంగ్లీషులో టైపు చేసిన చీటీ అంటించి ఉంది. చదివాను, మళ్లీ ఇటు తిప్పి ‘నేడు విజయపథాన మన జవాన్లు’ అని రాశాను.

రెండు రోజుల తర్వాత బంగారుపాళ్యం నుంచి ఒకావిడ ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. మామిడి తోటల్లో కూలికి పోయే మనిషి, చదువు లేదు. ఆ నవ్వే కుర్రాడు ఆమె తమ్ముడు, తల్లి పోతే తనే సాకింది. యుద్ధంలో చనిపోయాడని వారం కిందట టెలిగ్రాం వచ్చింది, శవం రాలేదు. ఎల్లుండి పదో దినం, మరదలి గాజులు తీసేస్తారు. అట్లాంటప్పుడు ఊరివాళ్లెవరో ఈ ఫోటో చూసి కబురు చెబితే బస్సెక్కి వచ్చేసింది.

“తంతి వచ్చి వారమాయ. ఈ పటంలో నేడని రాసుండాదంట గదమ్మా. అంటే మావోడు ఉండాడు గదా? ఆ పిల్ల గాజులు తియ్యనియ్యను, నువ్వొక్క మాట చెప్పు.”

ఆఫీసరు లోపలికి పిలిచి, ఏదో ఒకటి చెప్పి పంపెయ్యమన్నాడు, బోర్డు మీద మాట అబద్ధమని తెలిస్తే మన పరువేం కానని గదిమాడు. ఆ మనిషి నోట పరువన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు రక్తం మరుగుతుంది. నేను తాళంచెవి తీసుకుని ఆమెను బస్టాండుకు తీసుకుపోయాను. అద్దం తెరిచి, ఫోటో తీసి, వెనకున్న చీటీ చదివి అర్థం చెప్పాను. ఆమె ఏడవలేదు. ఆ చీటీ కేసి, నా కేసి మార్చి మార్చి చూసింది.

“ముందర రాసింది నువ్వే, ఎనక ఉండేది సదివేదీ నువ్వే. దేన్ని నమ్మమంటావు మ్మా?”

ఆ ఫోటో అయినా ఇమ్మని అడిగింది. ఆఫీసుకు తిరిగొచ్చి అడిగితే, ప్రభుత్వ సొత్తు, కుదరదన్నాడు ఆఫీసరు. ఆమె ఉత్త చేతులతో బస్సెక్కింది. ఆ పదో దినం ఆ ఇంట్లో ఏం జరిగిందో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. మరుసటి వారం అదే ఫోటోను తిరుపతి బోర్డుకు పంపించారు. కొత్త అట్ట మీద మళ్లీ ‘నేడు’ అని రాసింది నేనే. నాయన మందులు గుర్తొచ్చి రాశాను. చచ్చిపోయిన ఆ పిల్లవాడిని, ఆ నవ్వు ముఖంతోనే, నేను ఇంకో ఊళ్లో నడిపించాను.

ఇప్పుడు కుంచెలూ లేవు, అద్దాల బోర్డులూ లేవు, ‘ఇప్పుడే’ అని ఎవరు రాస్తున్నారో పంపేవాళ్లకూ తెలియదు. ఆ రోజు ఆమెకు కనీసం బస్సెక్కి వచ్చి, నా ఎదురుగా నిలబడి, నువ్వే కదా రాసిందని అడిగే వీలుండేది. ఈ వీడియోలో నడిచిపోతున్న వాళ్లలో ఎవరి అక్కకైనా అనుమానం వస్తే, పాపం, ఎక్కడికని వెళ్తుంది?