కదలని సైకిలు, ఇరవై పౌన్ల బియ్యం

నాకు గుండెపోటు వచ్చిన ఏడాది, మా ఇంట్లో నేను మోయడానికి అనుమతి ఉన్న అతి బరువైన వస్తువు ఆదివారం పేపరు. అది కూడా మా ఆవిడ అందులోంచి కూపన్ల కాగితాలన్నీ లాగేసి, సగం చేసి ఇచ్చేది.

ఎనభైల నడిమి మాట ఇది. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో, లిఫ్టు లేని అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం, మేమిద్దరమే. నేను మందుల కంపెనీలో కెమిస్టుని. నలభై రెండేళ్ళు. ఫిబ్రవరిలో ఒక పొద్దున కారు చుట్టూ పేరుకున్న మంచుని పారతో ఎత్తిపోస్తుంటే, ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టయింది. అక్కడే జారిపడ్డాను. పడటంలో కుడి మోకాలు మెలిపడింది. పైన వంటింటి కిటికీలోంచి మా ఆవిడ చూసింది. మూడంతస్తులూ దిగి, కాళ్ళకి చెప్పులైనా లేకుండా మంచులోకి పరిగెత్తుకొచ్చింది.

బతికాను. చిన్న పోటే అన్నారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పింది నాకు బాగా గుర్తుంది. గుండెకి రోజూ పని చెప్పాలి, కానీ ఆ మోకాలితో పరుగులూ గెంతులూ కుదరవు, జిమ్ములో పాదం నేలకేసి కొట్టుకోని మెషీన్లుంటాయి, వాటిమీద మెల్లగా మొదలుపెట్టు అన్నాడు. మా ఆవిడ చెవిలోకి మాత్రం 'గుండె' అన్న మాట ఒక్కటే వెళ్ళింది. మిగతాదంతా బయటే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి గాలను పాల డబ్బా ఎత్తబోతే కేక. చెత్త సంచీ పట్టుకుంటే కేక. మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపు దగ్గరా నన్ను నిలబెట్టి, మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ పెదాల్లోనే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టేది. కింది అంతస్తు ముసలాయన మమ్మల్ని చూసి, కొత్త జంట అనుకున్నాడో ఏమో, నవ్వుకుంటూ వెళ్ళిపోయేవాడు.

ఇవన్నీ పంటి బిగువున భరించాను. బియ్యం దగ్గర మాత్రం నా వల్ల కాలేదు. నెలకో శనివారం ఇండియన్ షాపులో ఇరవై పౌన్ల బస్తా, అంటే తొమ్మిది కిలోలు, కొనేవాళ్ళం. గుండెపోటుకి ముందు దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కేవాణ్ణి, ఈలపాట కూడా. ఇప్పుడు మా ఆవిడ డిక్కీ తెరిచి, బస్తా మూతి విప్పి, గిన్నెతో ప్లాస్టిక్ కవర్లలోకి పోసుకుని, నాలుగు దఫాలుగా పైకి మోసేది. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడాలి. చుట్టుపక్కల వాళ్ళు చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

"పోనీ ఒక్క కవరైనా ఇవ్వవే, నీకు పుణ్యం ఉంటుంది," అన్నాను ఒకసారి.

"మీరుంటే చాలండీ. బియ్యం ఎవరు మోస్తే ఏం?"

"ఉన్నానుగా! బతికే ఉన్నానుగా! మరి బతికున్నవాడిలా చూడవేం?" అని అరిచాను. పార్కింగ్ లాట్ అంతా వినపడింది. ఆమె కవర్లు పట్టుకుని వెళ్ళిపోయింది. ఇంకొకడి గుండె అయితే ఆ కోపానికే ఆగేది. నాది నిక్షేపంగా కొట్టుకుంది. అప్పుడే ఒట్టేసుకున్నాను, ఈ ఏడాది తిరిగేలోగా ఆ బస్తా నా భుజం మీదే పైకెక్కాలని. అది కూడా దొంగతనంగా కాదు, ఆమె నోటితో ఆమే చెప్పాలి.

జిమ్ము మా ఇంటికి మైలు దూరంలో, డబ్బులేసి బట్టలుతుక్కునే లాండ్రోమాట్ పక్కన ఉండేది. అద్దాలూ, చెమట వాసనా, హోరెత్తించే పాటలూ. నడిపేది ఒక పొడుగాటి అమెరికన్ ఆవిడ, నెరిసిన జుట్టు, మెడలో విజిల్. నా కాగితాలు చదివి, నన్ను ఎగాదిగా చూసి, ఒక సైకిలు దగ్గరికి తీసుకెళ్ళింది. దానికి ముందు చక్రం బదులు పెద్ద ఫ్యానుంది. ఎంత గట్టిగా తొక్కితే అంత గాలి మన మొహానికే కొడుతుంది. ఓరి నాయనో, ఎంత బుర్ర ఉండాలి ఇలాంటిది కనిపెట్టడానికి! సీటు మీద నేను కూర్చోబోతుంటే మా ఆవిడ అడ్డొచ్చింది.

"ఆగండి, ఆగండి." హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసి, ఫ్యాను మధ్యలో ఇంత బొట్టు పెట్టింది.

"ఇదేం వాహనమే? అంగుళం కూడా కదలదు!"

"పెడళ్ళున్నాయి, చక్రం ఉంది, మీరు ఎక్కుతున్నారు. వాహనం కాకపోతే ఇంకేంటి?"

విజిలావిడ ఏమిటని అడిగింది. క్షేమం కోసం అని చెప్పాను. ఆవిడ తల ఊపింది. తర్వాత సైకిలు అంతా తుడిచినా ఆ బొట్టు జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు.

మొదటి రోజు నాలుగు నిమిషాలు. అంతే! నాలుకే బయటికొచ్చింది. మా ఆవిడ చీర మీద ఓవర్‌కోటు వేసుకుని, ఒళ్ళో మజ్జిగ ఫ్లాస్కుతో మడత కుర్చీలో నా పక్కనే కూర్చునేది. నిమిషానికోసారి, "చాలు, దిగండి." విజిలావిడ ఓపిగ్గా ఆమెకొక సంగతి నేర్పింది. నాడి వేగం పెరగడం చూసి భయపడకు, దిగాక ఎంత త్వరగా నెమ్మదిస్తుందో చూడు, అదే బలం అని. మా ఆవిడ శ్రద్ధగా వింది. విని, మళ్ళీ "చాలు, దిగండి" అంది.

కానీ నాకు పిచ్చి పట్టింది. నిజంగా పిచ్చే. నాలుగు నిమిషాలు ఏడయ్యాయి, ఏడు పన్నెండయ్యాయి. ఆఫీసులో మీటింగుల్లో కూర్చుని బల్ల కింద కాళ్ళాడించేవాణ్ణి. మే నెలలో విజిలావిడ నన్ను పడవ మెషీనెక్కించింది. కిందకి కూర్చుని, పాదాలకి పట్టీలు బిగించి, గొలుసున్న పిడి లాగితే సీటు పట్టాల మీద సర్రున వెనక్కి జారుతుంది. పాదం కదలదు, మోకాలికి దెబ్బ లేదు, ఒళ్ళంతా పనిచేస్తుంది. కార్పెట్ మీద కూర్చుని గోదావరి దాటేస్తున్నట్టే ఉండేది! ఒకరోజు ఇరవై నిమిషాలు లాగి, "దాటేశానే! దాటేశాను!" అని తెలుగులో అరిచాను. బరువులెత్తే కుర్రాళ్ళు ఏం అర్థమయిందో గాని చప్పట్లు కొట్టారు.

అయితే ఒకటి, నేనెక్కే ప్రతి మెషీనూ ముందు మా ఆవిడే ఎక్కి చూడాలి. పాలు వేడిగా ఉన్నాయేమో చూసి ఇచ్చినట్టన్నమాట. బొట్టు పెట్టడం, ఒక నిమిషం కూర్చోవడం, నాలుగు తిప్పులు తిప్పడం, దిగి "ఊఁ, కానివ్వండి" అనడం.

సెప్టెంబరులో డాక్టరు పరీక్షలన్నీ చేసి, నా వీపు తట్టి, మెట్లెక్కు, బరువులెత్తు, నీ ఇష్టం అన్నాడు. ఇంటికొచ్చేటప్పుడు కారులో నేను పాడుతూనే ఉన్నాను. శనివారం డిక్కీ దగ్గర ఆమె మళ్ళీ గిన్నె తీసింది.

"డాక్టరు చెప్పాడుగా!"

"డాక్టర్లకేం, చెప్తారు. కిటికీలోంచి చూసింది నేనుగా," అంది. మెషీన్లు నా గుండెని బాగుచేశాయి, సరే, ఆమె గుండెలో గడ్డకట్టిన ఆ పొద్దుటిని ఏ మెషీను కరిగిస్తుంది? నాకు దిగులేసింది.

కార్తీక మాసం వచ్చింది. నా కోసం మా ఆవిడ ఆ ఏడాది సోమవారాలన్నీ ఉపవాసం పట్టింది. పగలంతా అన్నం ముట్టకుండా, సాయంత్రం నక్షత్రం చూశాకే భోజనం. నాకు మాత్రం వేళకి ఉప్మా చేసి పెట్టేది. కాఫీ, అరటిపండు లాంటివి తీసుకుంటోంది కాబోలని నేననుకున్నాను. మంచినీళ్ళు కూడా ముట్టడం లేదని నాకు తెలియదు.

ఆఖరి సోమవారం సాయంత్రం జిమ్ముకెళ్తే, అక్కడ కొత్త మెషీనుంది. మెట్ల మెషీను! ఎక్కుతూనే ఉండటం, మెట్లు కిందికి జారుతూనే ఉండటం. అంతూ లేదు, పై అంతస్తూ లేదు. నాకు కాళ్ళు దురదపెట్టాయి. కానీ ముందు ఆమే కదా! బొట్టు పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, టెన్నిస్ షూసుతో ఎక్కింది. రెండు మెట్లు, నాలుగు, పది. ఉన్నట్టుండి ఆమె మొహం విచ్చుకుంది.

"ఏవండోయ్, భలేగా ఉందండీ ఇది!"

"నిమిషం అయింది, దిగు."

"ఉండండీ, ఇంకొంచెం!"

పదినెలల తర్వాత ఆమె నవ్వు చూశాను. కొంగు నడుముకి చుట్టుకుని, చకచకా ఎక్కేస్తోంది, వెనక్కి తిరిగి నన్ను వెక్కిరిస్తోంది. చిన్నపిల్లలా ఉంది. నాకు ఈల వెయ్యాలనిపించింది. వేశాను కూడా. అంతలో ఆ మొహం తెల్లగా పాలిపోయింది. చెయ్యి పిడి మీదనుంచి జారింది. కళ్ళు తేలేసింది.

ఎలా ఎగిరానో తెలియదు. పడకముందే నడుం కింద ఒక చెయ్యి, మోకాళ్ళ కింద ఒక చెయ్యి వేసి ఎత్తేశాను. మెషీన్ల వరసలన్నీ దాటుకుంటూ ఆ చివర బెంచీదాకా మోసుకెళ్ళాను. సగం దారిలో కళ్ళు తెరిచింది. తానెక్కడుందో అర్థమై గిలగిల్లాడింది.

"దింపండి! అయ్యో, మీ గుండె! దింపండీ!"

"నోర్మూసుకో!" అన్నాను. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆ మాట అంత ప్రేమగా ఎప్పుడూ అనలేదు.

బెంచీ మీద పడుకోబెట్టాను. విజిలావిడ నారింజ రసం తెచ్చింది. మా ఆవిడ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. "నక్షత్రం చూడలేదు."

"పొద్దున్నుంచీ ఏం తాగావ్?"

"ఏం తాగలేదు. నీళ్ళు కూడా. గట్టిగా పట్టాలని..." అని ఆపేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. తలుపు దగ్గరికెళ్ళి చూశాను. న్యూజెర్సీ ఆకాశమంతా మబ్బు, నక్షత్రం కాదు కదా, దాని జాడైనా లేదు. తిరిగొచ్చి గ్లాసు ఆమె పెదాలకానించాను. "మబ్బు వెనకాల ఉంది. ఎక్కడికీ పోలేదు. దోషముంటే నాకు తగలనీ. తాగు."

తాగింది. గ్లాసు ఖాళీ చేసి, అలవాటుకొద్దీ నా మణికట్టు పట్టుకుంది. వాచీ చూస్తూ లెక్కపెట్టింది. నాడి గుర్రంలా పరిగెత్తుతోందని నాకే తెలుస్తోంది. ఆమె కళ్ళలో భయం కదిలింది. చెయ్యి వదల్లేదు. కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టింది. విజిలావిడ మా వంకే చూస్తోంది. మూడోసారి లెక్కపెట్టేసరికి ఆమె పెదాలు ఆగిపోయాయి.

"నెమ్మదించింది," అంది. నాతో కాదు, తనలో తనే.

ఆ రోజు నేను మెట్ల మెషీను ఎక్కనే లేదు. ఇంటికొచ్చాం. మొదటి మలుపు దగ్గర అలవాటుగా ఆగి చెయ్యి చాచాను. ఆమె ఆగకుండా ముందుకి వెళ్ళిపోయింది, చుట్టిన కొంగు ఇంకా నడుముకే ఉంది. రెండో మలుపు దగ్గరా ఆగలేదు. నేనూ వెనకే ఎక్కాను.

లోపలికెళ్ళి షూసు విప్పుతున్నాను. వంటింట్లో బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు, అడుగున గ్లాసు గీరిన చప్పుడు. తర్వాత మూత మళ్ళీ పెట్టిన చప్పుడు.

"ఏవండీ," అని పిలిచింది. "బియ్యం నిండుకున్నాయి. శనివారం కొన్న బస్తా డిక్కీలో అలాగే ఉంది, పట్టుకురండి."

ఒక్క క్షణం నా చెవుల్ని నేనే నమ్మలేదు. తాళాలు పట్టుకుని, మేజోళ్ళతోనే, ఉన్నపళంగా దిగాను. బస్తా మూతి విప్పకుండా భుజాన వేసుకున్నాను. ఈల వేస్తూ ఎక్కాను. మొదటి మలుపు, రెండోది, ఎక్కడా ఆగలేదు. కింది అంతస్తు ముసలాయన తలుపు తీసి మరీ చూశాడు.

పైన మా ఆవిడ తలుపు బార్లా తెరిచి నిలబడి ఉంది. చేతికి వాచీ లేదు.

"స్టవ్ పక్కన పెట్టండి," అంది. "ఎసరు మరుగుతోంది."