మగ్గాలు ఆగిన మధ్యాహ్నం

మొన్న నల్లగొండ దవాఖానల కండ్లు చూపించుకొని, రామన్నపేటల బస్సు దిగి మా ఊరి ఆటో ఎక్కిన్నో లేదో, డ్రైవర్ రేడియో పెట్టిండు. సరిగ్గ మధ్యాహ్నం ముచ్చట్ల వేళ. ఎవరో తల్లి ఫోన్ చేసి తమ ఊర్ల కుక్కల బాధ చెప్పుకుంటున్నది, బడి పిల్లలను రోడ్డు దాటనిస్తలేవట, పంచాయతీల చెప్తే రేపు మాపు అంటున్నరట. మాట్లాడించే అమ్మాయి గొంతు కొత్తది, పద్ధతి మాత్రం పాతదే. "జర బందు చెయ్యి కొడుకా" అన్న. తలకాయ నొస్తున్నదా పెద్దమ్మా అని అద్దంల చూసి అడిగిండు. అవునన్న. అబద్ధమే. ఒకప్పుడు ఆ ముచ్చట్లు వినకుంటే నాకు అన్నం సయించకపోయేదంటే ఆ పిలగాడు నమ్ముతడా? ఇప్పుడు వాటి ముందు వచ్చే ఆ చిన్న వాయిద్యం చెవుల పడితే చాలు, ఎవరింట్ల కూసున్నా లేసి బయటికొస్త.

నా ఈడోళ్లకు ఎరికే, మన రాష్ట్రం వచ్చిన కొత్తల కూడ మగ్గాల ఇండ్లల్ల రేడియో బతికే ఉండె. అప్పటికే ఇంటింటికి టీవీ వచ్చింది గద, ఇంకా రేడియో ఏందని నవ్వేటోళ్లు నవ్విండ్రు. నవ్వనీయుండ్రి. మగ్గం గుంటల కాళ్లు పెట్టి కూసున్నోనికి టీవీ ఎందుకు అక్కరకొస్తది? కన్ను బట్ట మీదికెల్లి పక్కకు మళ్లితే పోగు తెగుతది. చేతులకు పని, కాళ్లకు పని, కండ్లకు పని, ఖాళీగ ఉండేటివి చెవులే. అందుకే మా ఆయన మగ్గం పక్క గుంజకు మొల కొట్టి రేడియో తగిలేసిండు. ఆయన నేస్తుంటే నేను, మా యారాలు చెరొక రాట్నం ముందట కూసొని నూలు కండెలు చుట్టుకుంట వింటుంటిమి. యారాలంటే మా మరిది పెండ్లాం, నాకంటె చాన చిన్నది, నన్ను అక్కా అక్కా అనుకుంట నా కొంగు పట్టుకొనే తిరిగేది.

ఆ కార్యక్రమంల ఏ ముచ్చట రాకపోయేది చెప్పున్రి! ఒకనాడు ఉల్లిగడ్డ ధర, ఒకనాడు దోమల జ్వరం, ఒకనాడు ఎండిన బోర్లు. కొత్త జిల్లాలు చేస్తరన్నప్పుడైతే ఎన్నో రోజులు అదే లొల్లి, మమ్మల్ని నల్లగొండలనే ఉంచాలని ఒకలు, భువనగిరిల కలపాలని ఒకలు. అప్పుడే అమ్రాబాద్ దిక్కు నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, మీరు ఆఫీసు దూరమని కొట్లాడుతున్నరు, మాకు పులి అడ్డం రాకుంట బస్టాండుకు చేరితే అదే పదివేలు అన్నడు, వాడంత నవ్విందంటే నవ్వింది. మా ఆయన అటువంటిది వింటే నోరు మూసుకునే మనిషి కాదు. పోగుల నడుమ నాడె విసురుకుంటనే, "అరె, నీకేం తెలుసయ్యా!" అని రేడియోను దబాయించేటోడు, అవుతలాయనకు వినబడుతున్నట్టు. నేను తిట్టేదాన్ని, గొంతు పగలగొట్టుకోకు, ఫోన్ చెయ్యరాదా అని. ఫోన్ చెయ్యాలంటే మగ్గం ఆపాలె గద అనేటోడు.

మగ్గం ఆపుడు అన్నది మా వాడల ఉత్త మాట కాదు. ఏ ఇంటి మగ్గం చప్పుడు ఆ ఇంటిదే. మా ఆయనది బరువు దెబ్బ, మా మరిదిది తొందర చెయ్యి, ఎదురింటి తాతది నడుమ నడుమ దగ్గి మళ్ల మొదలుపెట్టే చప్పుడు. పండుగనాడు తప్ప పొద్దు పొడిసినకాడికెల్లి ఆ చప్పుళ్లన్ని కలిసి నడుస్తనే ఉండేటివి. నడిమధ్యాహ్నం వాడల మగ్గాలన్ని ఒక్కసారి ఆగినయంటే ఒకటే అర్థం, ఎవలో పోయిండ్రని. మా నేసేటోళ్లల్ల చావు కబురు నోటితోని చెప్పే పనిలేదు. చావు జరిగిన ఇంటి మగ్గం ఆగుతది, అది విని పక్కింటోడు ఆపుతడు, వాన్ని విని ఆవలోడు ఆపుతడు, కన్ను మూసి తెరిచేలోపల వాడ చివరిదాక మూగబోతది. శవం లేచేదాక ఎవరూ నాడె ముట్టరు. బయటికి పోయినోళ్లు తిరిగొస్తుంటే వాడ మలుపు కాడ చప్పుడు వినరాకపోతే అక్కన్నే కాళ్లు నిలబడిపోయేటివి. మా ఇల్లేనా, ఎవరిల్లు, దేవుడా అని.

ఇగ మా మరిది సంగతి. మా వాడల నెల తిరిగేదాక నేసిన చీరె మీది బొమ్మనే, మిషన్ మీద బట్టకు అచ్చు గుద్ది, పట్నం దుకాణాలల్ల కుప్పలు పోసి అమ్ముడు మొదలుపెట్టిండ్రు. కొనేటోళ్లు రెండూ ఒక్కటే అనుకునుడాయె. ఒకనాడు అన్నం ముందట కూసొని మా మరిది మెల్లగ అన్నడు, అన్నా నేను మగ్గం దిగుత, ఎక్కడన్న వేరే పని చూసుకుంట అని. మా ఆయనకు ముక్కు మీదనే కోపం. "మగ్గం దిగినోనికి ఈ ఇంట్ల జాగ లేదు, ఫో!" అన్నడు. నోరు జారిండు, ఏం చెయ్యాలె, మాట అనంగనే ఆయన మొఖం చూస్తే నాకర్థమైంది. కని మరిది అప్పటికే కలిపిన ముద్ద పళ్లెంల వదిలి లేసిండు. ఆ పోవుడు పోయిండు. ఫోన్ చేస్తే బందు. ఠానాల చెప్పినం, చుట్టాలిండ్లన్ని గాలించినం. నెల పోయింది, ఇంకో నెల పోయింది, మనిషి పత్తా లేడు.

ఆ రోజులల్ల అదే రేడియోల నేసేటోళ్ల కబుర్లు వస్తుండె. ఆ ఊర్ల ఒకాయన, ఈ ఊర్ల ఒకాయన, పాణం తీసుకున్నరని. అప్పటి రేడియో అమ్మాయి గొంతు తగ్గించి చెప్తుంటే మా యారాలు రాట్నం తిప్పుడు ఆపి రేడియో దిక్కు చూసేది, ఊరి పేరు చెప్పేదాక ఊపిరి పట్టుకొని. మాది కాకపోతే మళ్ల రాట్నం తిరిగేది. ఎవరిదో ఇల్లు కూలిందంటే మనం బతికినం అనుకునే గతి పట్టించిండు గద దేవుడు అని నాకు మీదంత మంటలేసేది. రేడియో బందు చేద్దామంటే, వద్దక్కా, ఉండనీ అనేది. మా ఆయన రేడియోతోని కొట్లాడుడు మానేసిండు. ఫోను మగ్గం మీదనే పెట్టుకొని, దాని దిక్కు చూడనట్టు చూసేటోడు.

ఆ దినం యారాలు రేషన్ బియ్యం కోసం సంచి పట్టుకొని పోయింది. రేడియోల తాతల నాటి పని వదిలి వేరే పనిల పడ్డోళ్లు మాట్లాడుతున్నరు. గొర్లమ్మి లారీ తోలుతున్న ఒకాయన మాట్లాడి పెట్టేసిండు. ఇప్పుడు ఆలంపూర్ నుంచి ఒక అన్న ఉన్నడు అన్నది ఆ అమ్మాయి. అటు నుంచి చిన్నగ ఒక దగ్గు, ఆ వెనుక, "ఇగ చూడున్రి మేడం" అన్న మాట.

నా చేతిల కండె కింద పడ్డది. ఏ మాట మొదలుపెట్టినా మా మరిది మొదటి మాట అదే. మా ఆయన చెయ్యి నాడె మీదనే ఆగిపోయింది. నేను దూకినట్టే గోడ కాడికి ఉరికి, "మా మరిది మాట్లాడుతున్నడు! రేడియోల! మగ్గాలు ఆపున్రి, వినబడనీయున్రి!" అని మొత్తుకున్న. పక్కిల్లు ఆగింది, ఆవలిల్లు ఆగింది, వాడంత సద్దుమణిగింది. ఆడోళ్లు, మొగోళ్లు వచ్చి మా గడప ముందట తలలు వంచుకొని, చెవులు రేడియోకు ఒప్పజెప్పి నిలబడ్డరు. మరిది చెప్తున్నడు, గుడికి పోయే తొవ్వల టిఫిన్ హోటల్ల టేబుళ్లు తుడుస్తున్ననని, నిలబడి చేసే పనైనా కాలు ఊకుంటలేదని, కింద మగ్గం కర్ర ఉన్నట్టే తొక్కుతున్నదని. ఇంటోళ్లకు ఏమన్న చెప్తవా అన్నా అని అడిగింది ఆ అమ్మాయి. ఇంటికొస్త అనాలని నేను దేవునికి మొక్కిన.

అప్పుడే యారాలు వాడ మలుపు కాడికొచ్చింది. ఒక్క మగ్గం చప్పుడు లేదు. మా ఇంటి ముందట జనం, వంచిన తలలు. సంచి అక్కన్నే పడేసి ఉరికొచ్చింది. దానికి మొగని మాట ఒక్కటి కూడ పోవద్దని, నేను నోటి మీద వేలు పెట్టి, చెయ్యి ఊపి, సప్పుడు చెయ్యకు, వచ్చి కూసో అని సైగ చేసిన. వెనుక నిలబడ్డోళ్లు కూడ గట్లనే సైగ చేసిండ్రు. అది దాన్ని ఎట్ల అర్థం చేసుకోవాలె మరి? మా వాడల పుట్టి మా వాడల మెట్టిన పిల్ల ఇంకెట్ల అర్థం చేసుకుంటది? గడప ముందట కూలబడి, రెండు చేతులు బండకేసి కొట్టి ఏడిసింది. గాజులన్ని పలిగినయి. ముంజేతులు నెత్తురు.

బతికున్నడే, నీ మొగడు బతికున్నడు, గదిగో మాట్లాడుతున్నడు అని నేను దాన్ని గట్టిగ పట్టుకొని ఊపుతున్న. దాని ఏడుపుల రేడియో వినబడుతలేదు. దానికి నా మాట తలకెక్కేసరికి రేడియోల పాట వస్తున్నది. అది లేసి పోయి రేడియోకు చెవి ఆనిచ్చింది, గుంజను పట్టుకొని చూసింది. "ఇంకొక్కసారి చెప్పుమను అక్కా" అన్నది. రేడియోల ఒకసారి అన్న మాట మళ్ల వస్తదా! ఆఖరికి ఏమన్నడో విన్నది ముందట నిలబడ్డ ఎదురింటి తాత ఒక్కడే. నేను పాణంతోనే ఉన్న, అన్నను ఫికర్ చెయ్యొద్దని చెప్పున్రి అన్నడట.

మా ఆయన గుంటలకెల్లి లేసి అంగీ తొడుక్కొని, బస్టాండుకు నడిచిండు. ఆలంపూర్ల హోటళ్లన్ని తిరిగిండట. అక్కడ అన్నదమ్ములు ఏం మాట్లాడుకున్నరో మా ఆయన ఎన్నడూ చెప్పలే. మరిదే ఒకనాడు నవ్వుకుంట చెప్పిండు, టేబుల్ తుడుస్తూ తల ఎత్తకుంట ఏం కావాలె అని అడిగితే, "నువ్వే కావాలెరా" అన్నడట. జోగులాంబ గుడి ముందట గాజులు కొనుక్కొని ఇద్దరూ వచ్చిండ్రు. మరిది తన చేతులతోనే దానికి తొడుగుతుంటే, అది ఏడ్చుకుంట, నవ్వుకుంట, పెండ్లయినకాడికెల్లి మొట్టమొదటిసారి మొగన్ని నోరారా తిట్టింది. మేమందరం నిలబడి వినుకుంట సంబురపడ్డం. అతను మళ్ల మగ్గం ఎక్కలే. చౌటుప్పల్ దిక్కు కంపెనీల కుదిరిండు. మా ఆయనే పొద్దున బస్సు దాక సాగనంపేటోడు.

ఆ వెనుక ఒక్కొక్క ఇల్లు మగ్గం దిగింది. మొదట్ల ఏదన్న మగ్గం ఆగితే ఉరికి పోయి చూసేటోళ్లం. ఏం లేదు, అమ్మేసినం అనేటోళ్లు. ఇంకో ఇంట్ల, పిల్లలు వద్దంటున్నరు అనేటోళ్లు. రానురాను ఉరుకుడు బందైంది, చెవులకు అలవాటైపోయింది. ఎదురింటి తాత పోయిననాడు ఆపటానికి మా వాడల మా ఆయన మగ్గం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్క మగ్గం, ఆ ఒక్క రేడియో. ఆయన మళ్ల పాత కథే, ఫోన్ చేసినోళ్లందరితోని కొట్లాట.

పోయినేడు వానలకు ముందు ఒక మధ్యాహ్నం, నేను అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న. లోపల రేడియోల కృష్ణ నీళ్ల మీద పంచాది నడుస్తున్నది. నీకేం తెలుసయ్యా అని మా ఆయన గొంతు వినవచ్చింది. జరసేపటికి మగ్గం ఆగింది. నీళ్ల ముచ్చట గద, చెవి పెట్టి వింటున్నడు అనుకున్న. తమ్ముని గొంతు విన్ననాడు తప్ప ఇన్నేండ్లు రేడియో కోసం నాడె ఆపనోడు ముసలితనంల బుద్ధి మార్చుకున్నడని నాలో నేను నవ్వుకున్న కూడ. ముచ్చట్లు అయిపోయినయి, పాట అయిపోయింది, వార్తలు మొదలైనయి. చాయ తాగుతవా అని పిలిచిన. పలకలే. లోపలికి పోయి చూస్తే బట్ట మీద తల పెట్టి ఉన్నడు, నాడె చేతులనే ఉన్నది.

ఎవ్వరూ రాలే. రావటానికి ఎవరికి తెలుసు? పక్కింట్ల టీవీ నడుస్తనే ఉన్నది. మరిది ఒక్కొక్కరికి ఫోన్ చేస్తే వచ్చిండ్రు, పాపం, తెలిసినంక ఉరికే వచ్చిండ్రు, వాళ్ల తప్పేమున్నది. యారాలు నన్ను పట్టుకొని, "అక్కా, ఆ దినం ఊకెనే ఏడిస్తి, వాడంత నా ముందటనే ఉండె" అన్నది. వాడ సంగతి పక్కన పెట్టున్రి, మగ్గం ఆగింది విని కూడ గోడ అవుతల ఉన్న నేనే లెవ్వలే.

ఆటో మా వాడ మలుపు కాడ ఆగింది. తలకాయ నొప్పి తగ్గిందా పెద్దమ్మా అని అడిగిండు ఆ పిలగాడు, తగ్గింది కొడుకా అన్న. వాడలకు నడిచిన. ఏ ఇంట్లకెల్లి ఏ చప్పుడు లేదు. ఎవరికీ ఏం కాలేదు, అందరు బాగనే ఉన్నరు, పనులకు పోయిండ్రు, పొద్దుగూకితే వస్తరు. నాకు ఎరికే. అయినా ఆ మలుపు కాడ నా కాళ్లు ఇప్పటికీ నిలబడిపోతయి, ఎవలు పోయిండ్రో అని.