పరుపుల బండిలో పదకొండు మంది

రిటైరైన మరుసటి నెలలోనే నేను జైలుకు వెళ్లాను. కంగారు పడకండి. వారానికి రెండు రోజులు, అదీ టిఫిన్ డబ్బాతో. శిక్ష పడిన కుర్రాళ్లు బయటికొచ్చాక మళ్లీ బతుకు మొదలుపెట్టుకోవడానికి తోడుండే మనుషులు కావాలంటే పేరిచ్చాను. "మీరేం చేసేవారమ్మా?" అని అడిగారు అక్కడి అధికారి. బస్సు కండక్టరునన్నాను. "వీళ్లను వాళ్ల కాళ్ల మీద నిలబెట్టాలి" అన్నారు. నిలబెట్టడం నాకు కొత్తా? యాభై సీట్ల బస్సులో తొంభై మందిని భద్రాచలం నుంచి చర్ల దాకా నిలబెట్టినదాన్ని!

నాకు బండి నడపడం రాదు. స్కూటీ కూడా రాదు. అయినా రోడ్డు రూల్సు పాఠం నాకే పడింది. ఇరవై ఆరేళ్లు డ్రైవర్ల వీపులు చూసిన అనుభవం చాలనుకున్నారేమో. కుర్చీలు రెండు వరసలుగా వేసి, ముందు కుర్చీలో ఒకణ్ణి కూర్చోబెట్టి, చేతికి అన్నం తినే స్టీలు పళ్లెం ఇచ్చేదాన్ని. అదే స్టీరింగు. గోడ మీద సుద్దగీతలు స్టాపులు. స్టాపు రాగానే ఆపాలి, అద్దంలో చూడాలి, నేను వెనకనుంచి "రైట్ రైట్" అనేదాకా కదలకూడదు. అలా గేటు దాటకుండానే, నేను వెళ్లిన ప్రతిసారీ భద్రాచలం నుంచి మణుగూరు వెళ్లొచ్చేవాళ్లం. దారిలో గోదావరి వరదొచ్చినా మా సర్వీసు మాత్రం రద్దు కాలేదు.

అందరికంటే శ్రద్ధగా పళ్లెం తిప్పినవాడిది చర్ల అవతల ఒక అడవి పల్లె. ఇరవై ఏళ్లుంటాయి. ఇంట్లో కోయ, నాతో తెలుగు, మిగతా లోకంతో మౌనం. ఎవరిదో ట్రాక్టరు మీద టేకు దుంగలు తోలుతూ దొరికిపోయాడు. దుంగలు ఎక్కించినవాడు దొరకలేదు.

శిక్ష ముగిసింది. తిరిగి తిరిగి లైసెన్సూ తెచ్చుకున్నాడు. పని మాత్రం దొరకలేదు. జైలు మాట వినగానే నాలుగు దుకాణాలవాళ్లు "చెప్పి పంపుతం" అన్నారు. చెప్పి పంపించింది మాత్రం ఆ దుంగల ఆసామి ఒక్కడే. ట్రాక్టరు సిద్ధంగా ఉంది, వచ్చెయ్యమని.

"ఏం జెయ్యమంటవ్ మేడం? ఐతారం దాంక జూస్త. అటెన్క పోవుడే. ఇంట్ల బియ్యం గావాలె గద" అన్నాడు.

ఆ రోజు శుక్రవారం.

భద్రాచలంలో పరుపుల దుకాణం నడిపే భాయి నాకు పాత ప్యాసింజరు. తాతల నాటి నుంచి దూది ఏకే కుటుంబం. నేరుగా వెళ్లి ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"అక్కా, మనిషి మంచోడా చెడ్డోడా నాకు సమజ్ గాదు. బండి ఎట్ల తోల్తడో అది సమజ్ అయితది. రేపు మణుగూర్ల కొత్త లాడ్జి తెరుస్తున్నరు. పదకొండింటికి రిబ్బన్ కటింగ్. ఇరవై పరుపులు జల్దీ చేరాలె. తోల్కపొమ్మను, జూద్దం."

శనివారం పొద్దున దుకాణం ట్రాలీ బండి నిండా పరుపులు, ప్లాస్టిక్ తొడుగులు మెరుస్తూ. ముందు ఇద్దరికే చోటు. భాయి చెవికి ఫోను అతికించుకుని కూర్చున్నాడు. నేను వెనక పరుపులెక్కాను. పరీక్ష వాడిదే, చెమటలు మాత్రం నావి.

గోదావరి వంతెన దాటాం. సారపాక స్టాపు దగ్గర బండి బుద్ధిగా ఆగింది.

ముందు నుంచి భాయి గొంతు: "ఏందిరా, ఆపినవ్?"

"స్టాప్ సేటూ."

"ఏం స్టాప్?"

"సారపాక సేటూ."

ఇంతలో లాడ్జివాళ్ల ఫోను. భాయి అటు తిరిగిపోయాడు. గోడ మీది గీతలన్నీ వాడి బుర్రలోకి ఎక్కించింది నేనే కదా! వద్దురా, పోనివ్వరా అని అరవబోయాను. సరిగ్గా అప్పుడే గంపలెత్తుకున్న ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. "మణుగూరు పోతదా?"

పోదు అనాలి. ఇరవై ఆరేళ్ల నాలుక నా మాట వింటేగా! "పోతది పోతది. జల్దీ ఎక్కు, లోపలికి జరుగు" అనేశాను. నా చెయ్యి దానంతటదే రేకు మీద రెండు దెబ్బలేసింది. "రైట్ రైట్!"

బండి కదిలింది.

ఇక ఆగలేదు. అంటే, ప్రతి స్టాపులోనూ ఆగింది. ఒక చోట పసిపిల్లతో తల్లి, ఇంకో చోట కాలేజీ ఆడపిల్లలు, అశ్వాపురంలో చంకలో కోడితో ఒక ముసలాయన.

"అబ్బ, గీ బస్సు ఎంత మెత్తగున్నదే!" అంది గంపావిడ.

"టికెట్ ఎంతనే?" అంది రెండో ఆవిడ.

"ఆడోళ్లకు ఫ్రీ" అన్నాను అలవాటుగా.

"మరి నాకు?" అన్నాడు ముసలాయన.

"నీ కోడి పెట్టనే గద. దాని తోడు నువ్వు."

బండంతా నవ్వు. ఎగుడు దిగుడు రోడ్డు మీద పరుపులు ఎగరేస్తుంటే పసిపిల్ల కేరింతలు, కోడి కేకలు. నేనూ నవ్వానని ఒప్పుకోవాలి. ముందు నుంచి మాత్రం ఒకసారి వినిపించింది: "అరే, ప్రతి చెట్టు కాడ ఆపుతవేందిరా!" "చెట్టు గాదు సేటూ, స్టాప్."

లాడ్జి చేరేసరికి పదకొండుకు ఇరవై నిమిషాలు తక్కువ. భాయి దిగి వెనక్కి వచ్చాడు. ఆయన కొత్త పరుపుల మీద నేను కాక పదకొండు మంది, ఒక కోడి. ఆయన వేలితో తలలు లెక్కపెట్టాడు.

"అక్కా... ఇదేంది?"

"తప్పు నాది భాయ్."

"ఆపింది నేను సేటూ" అన్నాడు వాడు. లాడ్జి మేనేజరు అప్పుడే పరుగెత్తుకొచ్చి, హమాలీలు రాలేదని, గదులన్నీ మూడో అంతస్తులో ఉన్నాయని చెప్పాడు.

వాడు బండి వైపు తిరిగి, అందులో ఉన్న కోయవాళ్లతో వాళ్ల భాషలో రెండు ముక్కలు అన్నాడు. గంపావిడ గంప దించి పక్కన పెట్టింది. ముసలాయన కోడిని నా చేతిలో పెట్టాడు. ఇద్దరికొక పరుపు చొప్పున నెత్తికెత్తుకుని మెట్లెక్కారు. "కూసోనొచ్చినం, మొయ్యమా ఏంది?" అంటూ తెలుగోళ్లూ వెనకే. వాడు ఒక్కడే ఆరు మోశాడు. పసిపిల్ల మేనేజరు చేతికి వెళ్లింది. రిబ్బను తెగేసరికి మూడో అంతస్తులో ఇరవై మంచాలూ నిండాయి.

భాయి సరుకు చీటీ మీద సంతకం తీసుకుని బండెక్కాడు.

తిరుగు దారిలో పరుపుల్లేవు. ప్రతి గుంతా నా నడుమును పేరు పెట్టి పలకరించింది. బండి ఏ స్టాపులోనూ ఆగలేదు. ఆగకపోవడం చూసి నాకు మరీ భయమేసింది, రేపు ఆదివారం. ముందు ఏం జరుగుతోందోనని వెనక అద్దంలోంచి తొంగి చూశాను. భాయి తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు. వాడు గుంత వచ్చినప్పుడల్లా పసిపిల్లను పడుకోబెట్టినట్టు బండిని దించుతున్నాడు.

దుకాణం ముందు భాయి కళ్లు నులుముకుంటూ దిగాడు. వాడు చెయ్యి చాచి బండి తాళం ఇవ్వబోయాడు.

"నాకెందుకు? పొద్దుగాల ఏడింటికి రావాలె గద. నీ కాడనే ఉంచుకో" అని లోపలికి వెళ్లిపోయాడు.

వాడు తాళాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. తీసి ప్యాంటు జేబులో వేసుకున్నాడు. మళ్లీ తీశాడు. "మేడం, గిది యాడ పెట్టుకుంటే పడిపోదు?" అన్నాడు. ఇద్దరం రోడ్డు మీద నిలబడి, వాడి జేబులన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించాం.