తెనాలి తెలుగు మాట్లాడిన సమురాయ్

పోయిన వారం మా మేనకోడలు ఫోన్ చేసి, "మామయ్యా, మన తుమ్ముల సమురాయ్ థియేటర్‌లో ప్లే అవుతున్నాడు. సండే మ్యాటినీ. అమ్మ కూడా వస్తా అంది. యూ హావ్ టు కమ్," అంది. మొదటి మాటకి నాకు నవ్వొచ్చింది. అమ్మ వస్తానందనే మాట వినగానే చేతిలో కాఫీ కప్పు జారి నేలమీద పడి, శాన్ రామన్ ఊరంతా ఉలిక్కిపడేటట్టు పగిలింది. పగల్లేదని, కాస్త ఒలికిందంతేనని మా ఆవిడ అంటుంది. చరిత్రని ఇలాగే నీరుగారుస్తారు. అసలు సంగతేమిటంటే, బావగారు పోయిన ఈ మూడేళ్ళలో మా అక్క గుమ్మం దాటి వెళ్ళేది రెండే రెండు చోట్లకి: ఒకటి పళ్ళ డాక్టరు దగ్గరికి, రెండోది ఇండియన్ స్టోరుకి. ఆ రెండు చోట్లా కూడా ఎవరో బలవంతంగా ఎత్తుకొచ్చి కూర్చోబెట్టినట్టే ఉంటుంది. అలాంటి మనిషి సినిమాకి వస్తానంది!

తుమ్ముల సమురాయ్ అనేది ఆ సినిమా అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. అసలు పేరు జపాన్ భాషలో ఉంది. అది పలకబోయి మా బావగారు ఓసారి నాలిక కరుచుకున్నారు, ఆ పూట పచ్చడి లేకుండా అన్నం తినాల్సొచ్చింది. అప్పటినుంచీ మా ఇంట్లో దాని పేరు అదే. ఇది జరిగింది న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో. కొత్త ఉద్యోగం కుదిరేదాకా ఓ రెండు వారాలు ఉంటానని చెప్పి అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్‌లో సూట్‌కేసు దించి, రెండు చలికాలాలు కదలకుండా ఉండిపోయిన రోజులవి. హాల్లో ఒక సోఫా ఉండేది. దానిమీద ఒకసారి కూర్చున్న మనిషిని పైకి లాగడానికి ఇంకో మనిషి కావాలి. సోఫాకి ఎదురుగా టీవీ, టీవీ కింద వీసీఆర్, వీసీఆర్‌లో ఎప్పుడూ ఆ క్యాసెట్టే. ఒక శనివారం మధ్యాహ్నం ఏదో ఛానల్లో వస్తుంటే బావగారే రికార్డు చేశారు. నలుపు తెలుపు బొమ్మ. కథంతా చెర్రీపూలు విరగబూసిన ఒక కొండదారిలో జరుగుతుంది. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు తెలుపు, రాలే పూలు తెలుపు, తొడుక్కున్న బట్టలు తెలుపు. ఇంక చదివేదేముంది? ఎక్కడో ఒక 'ది', ఇంకెక్కడో ఒక 'బట్' కనపడితే అదే మహాభాగ్యం.

కథ చిన్నదే. పట్టువర్తకుడి కొడుకు పెళ్ళికి భయపడి ముహూర్తం ముందు పారిపోతాడు. వాణ్ణి పట్టుకుని కొండ దాటించి పెళ్ళిపీటల దగ్గర అప్పగించే పని ఒక సమురాయ్‌కి పడుతుంది. నెత్తిమీద దొర లేడు, కడుపులో తిండి లేదు, కాళ్ళకి ఉన్న గడ్డిచెప్పుల్లో ఒకటి తెగింది, అలాంటి సమురాయ్. దారి పొడుగునా రౌడీలు అడ్డం పడుతుంటారు. ఆయన కత్తి దూసే ముందు ప్రతిసారీ ఒక తుమ్ము తుమ్ముతాడు. రౌడీలు కూడా పాపం మర్యాదస్తులు, తుమ్ము అయ్యేదాకా ఆగుతారు. సినిమా అంతా ఇంతే. కానీ మా ఇంట్లో జరిగింది ఇంతే కాదు.

మా అక్క ఆ సినిమా ఎప్పుడూ కూర్చుని చూడలేదు. శనివారం మధ్యాహ్నమంటే ఆవిడకి పునుగుల వేళ. వంటగదికీ హాలుకీ మధ్య గోడ. మొదటిరోజే లోపల్నించి కేకేసింది: "ఆ అక్షరాలు చదువుతూ మూకుడు ముందు నిలబడితే చేతులు కాలతాయండీ. ఏం జరుగుతోందో అక్కణ్ణించే గట్టిగా చెప్పండి." ఆ ఒక్కమాట చాలు. మా బావగారు మందుల కంపెనీలో పనిచేసేవారు. మాత్రలు గుండ్రంగా ఉన్నాయో లేదో చూడ్డమే తన ఉద్యోగమని చెప్పుకునేవారు. అంతకు ముందు తెనాలిలో, కాలేజీ నాటకాల్లో ప్రతి ఏడూ రాజు వేషానికి పోటీపడి, ప్రతి ఏడూ ద్వారపాలకుడి వేషం సంపాదించిన మనిషి. ద్వారపాలకుడికి మాటలుండవు. బల్లెం పట్టుకు నిలబడి అన్నేళ్ళు మింగిన మాటలన్నీ ఆరోజు ఒక్కసారిగా పైకొచ్చాయి. టీవీ సౌండు పూర్తిగా తగ్గించేశారు. సమురాయ్ నోరు తెరిచాడు. మా బావగారి గొంతు వచ్చింది.

"ఒరే అబ్బాయిలూ! మీరు చూస్తే పదిమంది, నేను చూస్తే ఒక్కణ్ణి. మీకే నష్టం, బాగా ఆలోచించుకోండి," అని రౌడీలతో అనేవాడు సమురాయ్. పెళ్ళికొడుకు భోరుమంటే, "ఏవఁయ్యా, పులంటే భయపడు, అర్థముంది. కత్తంటే భయపడు, అర్థముంది. పెళ్ళికి భయపడి ఏం లాభం? అది ఎటు పరిగెత్తినా వదలదు," అనేవాడు. "ఆఁ, వింటున్నా!" అని వంటగదిలోంచి అట్లకాడ చప్పుడుతో సహా జవాబొచ్చేది. సమురాయ్ గొంతు వెంటనే తగ్గి, "మంచిది వదలదు అంటున్నానే," అని సర్దుకునేది. పునుగులు కాస్త ఎర్రగా వేగాలని బావగారికి ఇష్టం. అది నోటితో అడిగితే అక్కకి కోపం. అందుకని పూటకూళ్ళింట్లో సమురాయ్ చేతికి గిన్నె రాగానే, "అమ్మా, ఇంకాస్త ఎర్రగా వేగనియ్యి," అనిపించేవారు. ఆ గిన్నెలో ఉన్నది పల్చటి గంజి అని నాకూ, సోఫా చేతిమీద గుర్రమెక్కినట్టు కూర్చునే మా మేనకోడలికీ కనపడుతూనే ఉండేది. మేం నోరెత్తేవాళ్ళం కాదు. ఎర్రగా వేగినవి మాకూ ఇష్టమే.

ఇక తుమ్ము. ఆ తుమ్ము కూడా బావగారే తుమ్మేవారు. అది తుమ్మని నేనంటున్నాను గానీ, కిందింటి అమెరికన్ ముసలాయన చీపురుకర్రతో కప్పు పొడిచేవాడు, కిటికీ మీద పేరుకున్న మంచు జారి పడేది, పార్కింగ్‌లో ఒకటి రెండు కార్లు అలారం మోగించేవి. తుమ్మగానే బావగారు బొమ్మ ఆపేవారు. తుమ్మితే పని మొదలెట్టకూడదు కదా. కాసేపు కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, అప్పుడు బయల్దేరాలి. సినిమాలో సమురాయ్ కూడా నిజంగానే రాయిమీద కూలబడి ఏదో తాగేవాడు. "చూశావా, శకునం తెలిసినవాడు! మనవాళ్ళెవరో అటువైపు వెళ్ళి నేర్పి ఉంటారు," అని బావగారు తేల్చేశారు. మేం నమ్మేశాం. వంటగదిలోంచి అక్క "చిరంజీవ!" అనేది. రెండో తుమ్ముకి "శతాయుష్షు!" మూడోదానికి "పూర్ణాయుష్షు!" మేం కూడా గొంతు కలిపేవాళ్ళం. అప్పుడు బొమ్మ కదిలేది, కత్తి బయటికొచ్చేది. ఇప్పుడు తలుచుకుంటే అనిపిస్తుంది, ఆ ఇంట్లో అంతమందిమి అన్నన్ని దీవెనలు ఇచ్చాం, అన్నీ తెరమీదివాడికే వెళ్ళిపోయాయి. సోఫామీద కూర్చుని తుమ్మినవాడికి ఒక్కటీ అందలేదు.

ఆ క్యాసెట్టుని చివరికి వీసీఆరే నమిలేసింది. ప్లెయిన్స్‌బరో వదిలి అందరం ఒకరి వెనక ఒకరం ఇటు పడమటికి, కాలిఫోర్నియాకి వచ్చేశాం.

ఆదివారం నాడు అక్కని కార్‌లో ఎక్కించుకున్నాను. మేనకోడలు డ్రైవ్ చేస్తోంది, పక్కన అక్క, వెనక సీట్లో నేను. హైవే ఎక్కాం. అక్క కిటికీలోంచి చూస్తూనే అడిగింది. "ఒరేయ్, మీ బావ గొంతు నీకు గుర్తుందా?"

"గుర్తులేకపోవడమేంటే? నిద్రలో లేపి అడిగినా చెప్తా."

"నాకు మొహం కనిపిస్తుంది. ఏమన్నారో, ఎప్పుడన్నారో, అన్నీ గుర్తే. గొంతు మాత్రం వినపట్టంలేదురా. ముందు పొద్దున్నపూట వినపడేది. ఈమధ్య అదీ లేదు. ఇంటినిండా ఫొటోలున్నాయి, ఏం చేసుకోను?" వీడియోలు లేవా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. కానీ నలుగురిలో నాలుగు గంటలు మాట్లాడే ఆ మనిషి, కెమెరా ఎర్రలైటు చూస్తే చాలు, మళ్ళీ ద్వారపాలకుడైపోయేవారు. కూతురి పుట్టినరోజు వీడియోల్లో కేకు పక్కన చేతులు కట్టుకుని బిగుసుకుపోయి నిలబడి ఉంటారు. ఒక్క మాట ఉండదు. "అందుకే వస్తానన్నా. ఆ సినిమా చూస్తే వినపడుతుందేమోనని," అంది అక్క.

నేను ఊరుకోవచ్చుగా! "ఒరే అబ్బాయిలూ, మీరు చూస్తే పదిమంది..." అని బావగారిలా మొదలెట్టాను. నా లెక్క ప్రకారం అచ్చం అలాగే ఉంది. అక్క వెనక్కి తిరిగి నావైపు చూసింది. "జలుబు చేసిందా?" అంది.

అది పాత బజారులో ఒంటి తెర ఉన్న హాలు. లోపల మాతో కలిపి జనం ఎంతమందంటే, పాప్‌కార్న్ మిషను శబ్దమే ఎక్కువ. అందరూ నెరిసిన తలలే. సినిమాని ప్రార్థనలా చూసే రకం. అక్క మా ఇద్దరి మధ్యా కూర్చుని హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుంది. పూలు రాలాయి. దుమ్ము లేచింది. సమురాయ్ తెగిన చెప్పు ఈడ్చుకుంటూ వచ్చి, గోక్కుని, నోరు తెరిచాడు. ఏదో గరగరమనే గొంతు. బావిలో రాళ్ళు దొర్లినట్టుంది. అన్నిసార్లు చూసిన మనిషి, సొంత గొంతు మాత్రం మేం వినడం అదే మొదలు.

"ఈయనెవర్రా?" అంది అక్క.

ఈసారి అక్షరాలు పచ్చగా, పెద్దగా, తాటికాయంత ఉన్నాయి. ఒక్కటీ తప్పించుకునే వీలు లేదు. ఇంతకీ మా శకునం తెలిసిన మహానుభావుడికి ఉన్నది ఎలర్జీ! పూల పుప్పొడి పడదట. "ఈ కొండమీద ఒక్క చెట్టయినా పూయకుండా ఉండదా?" అని అడుగుతున్నాడు. రాయిమీద కూర్చుని తాగింది మంచినీళ్ళూ కాదు. పెళ్ళికొడుకుతో అన్న మాటల్లో పులీ లేదు, కత్తీ లేదు. నేను వచ్చే నవ్వు ఆపుకుని అక్కవైపు చూశాను. ఆవిడ తెరవైపు చూడ్డంలేదు. బ్యాగు జిప్పు లాగి, మళ్ళీ మూసి, "ఇది అది కాదురా. పదండి, వెళ్ళిపోదాం," అంది మెల్లిగా. వచ్చినపని అవలేదని తెలిసిన గొంతు. ఇక్కడా లేకపోతే ఇంకెక్కడా లేదని తెలిసిన గొంతు.

అప్పుడే తెరమీద రౌడీలు చుట్టుముట్టారు. సమురాయ్ తుమ్మాడు. పిల్లి తుమ్మినట్టు, చిన్నగా, ముక్కుతో. హాలంతా నవ్వింది. మా మేనకోడలు తల్లి చెవి దగ్గరికి వంగింది. ఆ పిల్ల తెలుగు సంగతి నేను చెప్పాలి. పుట్టింది న్యూజెర్సీలో. 'ళ' పలకమంటే నోటిలో వేడి బంగాళాదుంప ఉన్నట్టు చూస్తుంది. మా ఇంటికొస్తే "అత్తా, నేను ఇప్పుడే లంచ్ తినేశా, ఆకలి నాట్ దేర్" అంటుంది. ఆ పిల్ల తల్లి చెవిలో అంది: "ఆగండ్రా అబ్బాయిలూ, ఆగండి! తుమ్మొచ్చింది, కనపట్టంలా? ఏం పెంపకంరా మీది!"

అచ్చం తెనాలి. సాగదీసే చోట సాగదీసి, విరిచే చోట విరిచి. ఆడగొంతే, సన్నటి గొంతే. కానీ అందులో నడక బావగారిది. అక్క చెయ్యి బ్యాగుమీద అలాగే ఆగిపోయింది. మేనకోడలు ఆపలేదు. రౌడీల నాయకుడికి ఒక గొంతు, పెళ్ళికొడుక్కి ఏడుపు గొంతు, పూటకూళ్ళమ్మకి ముక్కు గొంతు. నేను నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకుని విర్రవీగుతుంటే, ఈ పిల్ల దగ్గర మొత్తం సినిమా ఉంది. రెండు వరసల ముందు కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగి ఒక చూపు చూశాడు. సమురాయ్ కత్తి ఆ చూపు ముందు కూరగాయల చాకు. మేనకోడలు "సో సారీ" అని, గొంతు ఇంకా తగ్గించి, తల్లి చెవికి ఇంకా దగ్గరగా జరిగింది. అక్క కళ్ళు మూసుకుంది. తెరమీద ఏం జరుగుతోందో ఆవిడ అప్పుడూ చూడలేదు, ఇప్పుడూ చూడలేదు.

చివర్లో బావగారు ఏమనేవారో నిజంగా నాకు గుర్తులేదు. పెళ్ళి అయిపోతుంది. సమురాయ్ ఎవరికీ చెప్పకుండా కొండదారి పట్టి, వెనక్కి తిరగకుండా వెళ్ళిపోతాడు. ఒక్క మాట లేదు. కింద అక్షరాలు కూడా లేవు. వీపు, దారి, రాలే పూలు, అంతే. ఇక్కడ చెప్పడానికేముంది, అయిపోయిందనుకున్నాను. మేనకోడలు కాస్త ఊపిరి పీల్చుకుని, "ఏమోయ్! ఈ పూటకి పని అయిపోయింది, వచ్చేస్తున్నా. అన్నం పెట్టు," అంది.

"చేతులు కడుక్కుని రండి," అంది మా అక్క. కళ్ళు తెరవకుండా, గోడ అవతల మనిషికి వినపడేటంత గట్టిగా. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ పెద్దాయన కూడా. అక్క ఎవర్నీ పట్టించుకోలేదు. తల కాస్త పక్కకి వాల్చి, ఇంకా ఏదో వింటూ, దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చుంది.

"నీకివన్నీ ఎలా గుర్తున్నాయే?" అని లాబీలో అడిగాను.

"ఐ డోంట్ నో, మామయ్యా. సగం వర్డ్స్‌కి నాకు మీనింగ్ కూడా తెలీదు. నాన్న అలా అంటాడు, అంతే."

అన్నాడు అనలేదు, అంటాడు అంది. అక్క ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని, "ఆ పూటకూళ్ళింటి ముక్క కార్‌లో ఇంకోసారి చెప్పు," అంది. తలుపు తోసుకుని బయటికొచ్చాం. కళ్ళు చిట్లిపోయేటంత ఎండ. మ్యాటినీ నుంచి బయటికొచ్చినప్పుడల్లా నాకిదే వింత: లోపల ఒక మనిషి జీవితమంతా గడిచిపోయి ఉంటుంది, బయట ఇంకా సాయంత్రం కూడా అయి ఉండదు.